పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల సాంకేతిక వివరాలు: సేకరణ, నిర్ధారణ

విషయక్రమం
1. లక్ష్యాలు
2. పరిచయం
3. సాంకేతిక వివరాలలో మూడు స్థాయిలు
4. యంత్రం పేరు ఒక్కటే ఎందుకు చాలదు?
5. ఆధారాలు, వాటి విలువ
6. అంకెలను చదివే పద్ధతి
7. ఒక ఉదాహరణ
8. కరెంటు ఇచ్చే ముందు
9. వివరాలను నమోదు చేయడం
10. సారాంశం
11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.

• ఒక పాత కంప్యూటర్ సాంకేతిక వివరాలను మూడు స్థాయిలుగా విడదీసి చెప్పడం.
• దొరికిన ఆధారాలలో ఏది ఎంతవరకు నమ్మదగినదో నిర్ణయించడం.
• చిప్పుల మీద, డిస్కు లేబుల్ మీద ఉన్న అంకెలను సరిగా చదవడం.
• నిర్ధారించిన వివరాన్ని, నిర్ధారించని వివరాన్ని వేరుచేసి రాసుకోవడం.

2. పరిచయం

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసిన ఒక కుటుంబం ఉందనుకోండి. వాళ్ల ఇంట్లో అటక మీద, గోనెపట్టా కప్పిన పాత కంప్యూటర్ ఒకటి ఉంది. ఒకప్పటి సరుకు లెక్కలు, బాకీల వివరాలు అందులోనే రాసుకొన్నారు. రాసిన పెద్దాయన ఇప్పుడు లేరు. భాగాల పంపకంలో ఆ లెక్కలు అవసరమయ్యాయి. బంధువులలో కంప్యూటర్ చదువు చదివింది మీరే కాబట్టి మిమ్మల్ని పిలిచారు.

పెట్టె ముందు భాగంలో ‘పెంటియం’ అనే స్టిక్కర్ ఉంది. దాని పక్కన చిన్న తెరలో 100 అనే అంకె వెలిగేదని ఇంట్లో వాళ్లు చెప్పారు. పెట్టెతోపాటు దాచిన ధరల చీటీలో ‘133’ అని ఉంది. 1995లో కొన్నామని పెద్ద కొడుకు అన్నాడు. ఇందులో ఏది నిజం? ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. డిస్కు వివరాలు తప్పుగా తెలుసుకొంటే అందులోని లెక్కలు చదవలేకపోవచ్చు, లేదా ‘డిస్కు చెడిపోయింది’ అనుకొని మన చేతులతో మనమే చెరిపివేయవచ్చు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం ప్రాంతాలలో ఇలాంటి యంత్రాలు ఎదురయ్యే చోట్లు అనేకం. పాత డి.టి.పి. కేంద్రాలు, టైపు ఇన్‌స్టిట్యూట్లు, వ్యాపారుల ఇళ్లు, కార్యాలయాల స్టోరు గదులు అలాంటివి. 1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ ‘కార్డ్’ పేరుతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో కంప్యూటర్లను ప్రవేశపెట్టింది. ఆ తరం యంత్రాలు ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్లలో కిలోల లెక్కన అమ్ముడుపోతున్నాయి. యంత్రం పోతే దాని గురించిన ప్రధాన ఆధారం కూడా పోతుంది.

మీ ప్రాంతపు పలకల వ్యాపారి పలక నాణ్యతను చెక్క చట్రం చూసి చెప్పడు. రాతిని చూసి, తట్టి చెబుతాడు. పాత కంప్యూటర్ విషయంలో కూడా మీరు చేయవలసింది అదే. పెట్టె చట్రం వంటిది. లోపలి చిప్పులు, బోర్డు, డిస్కు రాయి వంటివి.

3. సాంకేతిక వివరాలలో మూడు స్థాయిలు

‘ఈ కంప్యూటర్ మెమరీ ఎంత?’ అనే ప్రశ్నకు మూడు వేరువేరు జవాబులు ఉండవచ్చు. మూడూ సరైనవే కావచ్చు. ఎందుకంటే సాంకేతిక వివరాలకు మూడు స్థాయిలు ఉన్నాయి.

(అ) రూపకల్పన వివరం: తయారీదారు ఆ నమూనాను ఏ విధంగా రూపొందించాడో తెలిపేది. ఉదాహరణకు, 1981 ఆగస్టులో వచ్చిన ఐ.బి.ఎం. పీసీ నమూనా సంఖ్య 5150. దానిలో ఇంటెల్ 8088 ప్రాసెసర్ 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసేది. కనీస మెమరీ 16 కిలోబైట్లు.

(ఆ) అమ్మకపు వివరం: ఆ ఒక్క యంత్రాన్ని కొన్నవారికి ఏ భాగాలతో ఇచ్చారో తెలిపేది. అదే 5150ను ఒకరు 16 కిలోబైట్లతో, మరొకరు 64 కిలోబైట్లతో కొని ఉండవచ్చు. ఇది బిల్లులో, కొటేషన్‌లో కనిపిస్తుంది.

(ఇ) ప్రస్తుత వివరం: ఇప్పుడు మీ ముందు ఉన్న పెట్టెలో వాస్తవంగా ఏముందో తెలిపేది. మధ్యలో మెకానిక్ మెమరీ పెంచి ఉండవచ్చు, డిస్కు మార్చి ఉండవచ్చు.

ఒక స్థాయికి చెందిన ఆధారంతో మరొక స్థాయి ప్రశ్నకు జవాబు చెప్పడమే ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు. తయారీదారు పుస్తకం ఎంత నమ్మదగినదైనా, మీ యంత్రంలో డిస్కు మార్చారో లేదో అది చెప్పదు. అలాగే, మీ యంత్రంలో ఇప్పుడున్న మెమరీని చూసి ఆ నమూనా మొదట అంత మెమరీతోనే వచ్చిందని చెప్పడానికి వీలులేదు.

4. యంత్రం పేరు ఒక్కటే ఎందుకు చాలదు?

పేరు తెలిస్తే వివరాలన్నీ దొరుకుతాయని చాలామంది అనుకొంటారు. దీనికి మూడు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది, ఒకే పేరుతో వేరువేరు యంత్రాలు ఉండటం. ఐ.బి.ఎం. పీసీ ఏటీ (నమూనా 5170) 1984 ఆగస్టులో వచ్చినప్పుడు దానిలోని 80286 ప్రాసెసర్ వేగం 6 మెగాహెర్ట్జ్. తరవాత అదే పేరుతో, అదే నమూనా సంఖ్యతో 8 మెగాహెర్ట్జ్ యంత్రం వచ్చింది. ‘ఏటీ వేగం ఎంత?’ అని మాత్రమే అడిగితే ఒకే జవాబు ఉండదు.

రెండవది, వేరువేరు పేర్లతో ఒకే యంత్రం ఉండటం. 1980లలో పాఠశాలలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి మన దేశంలో చేపట్టిన ‘క్లాస్’ పథకంలో బ్రిటన్‌కు చెందిన బి.బి.సి. మైక్రో యంత్రాలను వాడారు. సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థ ఆ యంత్రాన్నే ‘యూనికార్న్’ పేరుతో ఇక్కడ అందించింది. యూనికార్న్ అనే పేరుతో మాత్రమే వెతికితే దొరికే సమాచారం తక్కువ. బి.బి.సి. మైక్రో అని తెలిస్తే పూర్తి మాన్యువళ్లే దొరుకుతాయి. అక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. మోడల్ ‘ఎ’లో మెమరీ 16 కిలోబైట్లు, మోడల్ ‘బి’లో 32 కిలోబైట్లు.

మూడవది, అసలు పేరే లేకపోవడం. మన ఊళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి మార్కెట్లలో మదర్‌బోర్డు, ప్రాసెసర్, డిస్కు, క్యాబినెట్ విడివిడిగా కొని అమర్చిన యంత్రాలు ఇవి. ఇలాంటి యంత్రానికి తయారీదారు పుస్తకం అంటూ ఒకటి ఉండదు. ప్రతి భాగానికీ విడిగా పుస్తకం ఉంటుంది. కాబట్టి మీరు వెతకవలసింది యంత్రాన్ని కాదు, భాగాలను.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
మీకు తెలిసిన ఒక పాత కంప్యూటర్‌ను ఎన్నుకోండి. పై మూడు అడ్డంకులలో ఏది దానికి వర్తిస్తుందో రెండు వాక్యాలలో రాయండి.

5. ఆధారాలు, వాటి విలువ

ఆధారాలను వాటి విలువను బట్టి ఈ వరసలో పెట్టుకోవచ్చు.

(1) యంత్రమే: చిప్పుల మీది ముద్రలు, బోర్డు మీది నమూనా సంఖ్య, డిస్కు లేబుల్. ప్రస్తుత వివరానికి దీనిని మించిన ఆధారం లేదు. యంత్రం పనిచేసే స్థితిలో ఉంటే, ఆన్ చేయగానే తెర అడుగు భాగంలో కనిపించే పొడవైన బయాస్ సంకేతాన్ని ‘పాజ్’ మీట నొక్కి నిలిపి ఫోటో తీసుకోండి. అవార్డ్, ఎ.ఎం.ఐ. సంస్థల బయాస్‌లలో ఈ సంకేతం ద్వారా మదర్‌బోర్డు తయారీదారును గుర్తించవచ్చు.

(2) తయారీదారు పత్రాలు: సాంకేతిక మాన్యువళ్లు, చిప్పుల డేటా షీట్లు. ఐ.బి.ఎం. తన పీసీకి ప్రచురించిన టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్‌లో సర్క్యూట్ చిత్రాలు, బయాస్ ప్రోగ్రాం పాఠం కూడా ఉన్నాయి. ఇలాంటి పుస్తకాల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి డిజిటల్ గ్రంథాలయాలలో ఉచితంగా చదవవచ్చు. గిద్దలూరులో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా అందుబాటు ఒకటే.

(3) ఆ కాలపు సమీక్షలు: 1975 నుంచి 1998 వరకు వెలువడిన ‘బైట్’, మన దేశంలో 1980లలో మొదలైన ‘డేటాక్వెస్ట్’, ‘పీసీ క్వెస్ట్’ వంటి పత్రికలు. యంత్రాన్ని ఎదురుగా పెట్టుకొని పరీక్షించి రాసిన సమీక్షకు విలువ ఎక్కువ. కంపెనీ ప్రకటనను తిరగరాసిన వార్తకు అంత విలువ లేదు.

(4) కొనుగోలు పత్రాలు: బిల్లు, కొటేషన్, వారంటీ కార్డు. ప్రభుత్వ కార్యాలయపు యంత్రమైతే కొనుగోలు ఉత్తర్వు, స్టాక్ రిజిస్టరు. ఈ ప్రతులను సమాచార హక్కు చట్టం, 2005 కింద కోరవచ్చు. ఇవి అమ్మకపు వివరానికి మంచి ఆధారాలు.

(5) ప్రకటనలు: ధర, తేదీ తెలుసుకోవడానికి పనికివస్తాయి. ‘640 కిలోబైట్ల వరకు’ అనే మాటలో ‘వరకు’ అనే పదాన్ని వదిలి చదవకూడదు.

(6) తరవాతి కాలపు జాబితాలు: ఎవరో కూర్చిన పట్టికలు. ఇవి దారి చూపడానికి పనికివస్తాయి కాని నిర్ధారణకు చాలవు.

(7) జ్ఞాపకాలు: ఎవరు అమర్చారు, ఎప్పుడు మరమ్మతు చేశారు అనే విషయాలలో వీటి విలువ ఎక్కువ. అంకెల విషయంలో తక్కువ.

ఇక్కడ మరొక సూత్రం గుర్తుంచుకోవాలి. ఒకే వివరం అయిదు జాబితాలలో కనిపించినంత మాత్రాన అయిదు ఆధారాలు ఉన్నట్లు కాదు. ఒకదాని నుంచి మరొకటి ఎత్తి రాసుకొని ఉండవచ్చు. అన్నింటిలో ఒకే అచ్చుతప్పు, ఒకే వింత వాక్యం కనిపిస్తే అవన్నీ కలిసి ఒకే ఆధారమని లెక్క. రెండు ఆధారాలు స్వతంత్రమైనవని చెప్పాలంటే అవి వేరువేరు మార్గాలలో వచ్చినవై ఉండాలి. చిప్పు మీది ముద్ర, తయారీదారు డేటా షీట్ ఏకీభవిస్తే ఆ వివరాన్ని నమ్మవచ్చు.

6. అంకెలను చదివే పద్ధతి

తేదీ సంకేతం: చాలా చిప్పుల మీద నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. 9423 అంటే 1994వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. బోర్డుకు టంకం వేసి ఉన్న చిప్పులలో అన్నింటికన్నా కొత్తదాని తేదీని చూడండి. ఆ బోర్డు అంతకుముందు తయారయి ఉండదు. తీసి పెట్టగల చిప్పులను తరవాత మార్చి ఉండవచ్చు కాబట్టి వాటి మీద ఆధారపడకండి.

మెమరీ చిప్పు: 41256 అనే చిప్పు సామర్థ్యం 256 కిలోబిట్లు, కిలోబైట్లు కాదు. అలాంటివి ఎనిమిది కలిస్తే 256 కిలోబైట్లు. వరసలో తొమ్మిది చిప్పులు కనిపిస్తే తొమ్మిదవది పారిటీ అనే తప్పుల తనిఖీ కోసం ఉన్నది. దానిని సామర్థ్యంలో కలపకూడదు.

ప్రాసెసర్ వేగం: ఎ80486డి.ఎక్స్.2-66 అనే ముద్రలో చివరి 66 నిజమైన మెగాహెర్ట్జ్ వేగం. అన్ని చోట్లా ఇలా ఉండదు. 1990లలో ఎ.ఎం.డి., సైరిక్స్ సంస్థలు తమ చిప్పును ఇంటెల్ చిప్పుతో పోల్చి చూపే ‘పి.ఆర్.’ అంకెను ముద్రించాయి. ఎ.ఎం.డి. కె5 పి.ఆర్.133 నిజమైన వేగం 100 మెగాహెర్ట్జ్. సైరిక్స్ 6ఎక్స్86 పి.ఆర్.166+ నిజమైన వేగం 133. తరవాత వచ్చిన ఆథ్లాన్ ఎక్స్.పి. 2000+ కూడా అంతే, దాని వేగం సుమారు 1667 మెగాహెర్ట్జ్.

పెట్టె మీది అంకె: పాత క్యాబినెట్ల ముందు వెలిగే అంకె వేగాన్ని కొలవదు. దాని వెనక ఉన్న జంపర్లను అమర్చినవారు ఏ అంకెకు పెడితే అదే వెలుగుతుంది.

డిస్కు సామర్థ్యం: సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు గుణించి, ఒక్కో సెక్టారుకు 512 బైట్ల చొప్పున లెక్కగట్టాలి. సీగేట్ ఎస్.టి.-225 డిస్కును చూద్దాం.

615 × 4 × 17 × 512 = 2,14,11,840 బైట్లు

అంటే సుమారు 21.4 మిలియన్ బైట్లు. వాడుకలో దీనిని 20 మెగాబైట్ల డిస్కు అంటారు. పేరులోని ‘25’ ఫార్మాట్ చేయకముందు ఉన్న సామర్థ్యానికి గుర్తు. ఒకే డిస్కుకు 20, 21, 25 అనే మూడు అంకెలు ఎందుకు కనిపిస్తాయో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కొలమానాల తేడా కూడా ఉంది. డిస్కు తయారీదారులు గిగాబైట్ అంటే వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ 107,37,41,824 బైట్లుగా లెక్కిస్తుంది. అందుకే లేబుల్ మీద 20 గిగాబైట్లు ఉన్న డిస్కు తెర మీద సుమారు 18.6గా కనిపిస్తుంది. డిస్కులో లోపమేమీ లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
3.5 అంగుళాల ఫ్లాపీలో 80 ట్రాకులు, 2 పక్కలు, ట్రాకుకు 18 సెక్టార్లు ఉంటాయి. మొత్తం బైట్లు ఎన్నో లెక్కగట్టండి. దానిని ‘1.44 మెగాబైట్లు’ అనడంలో ఏయే కొలమానాలు కలిసిపోయాయో చెప్పండి.
(సూచన: జవాబు 14,74,560. దానిని మొదట 1024తోను, తరవాత 1000తోను భాగించి చూడండి.)

7. ఒక ఉదాహరణ

ఇప్పుడు పరిచయంలో చెప్పుకొన్న మార్కాపురం పెట్టెకు తిరిగివద్దాం. మీరు పెట్టె విప్పారు. హీట్‌సింక్ కింద ఉన్న ప్రాసెసర్ మీద ‘ఎ.ఎం.డి.-కె5-పి.ఆర్.133’ అని ఉంది. బోర్డు జంపర్లు 66 మెగాహెర్ట్జ్ బస్ వేగానికి, 1.5 రెట్ల గుణకానికి పెట్టి ఉన్నాయి. రెండింటినీ గుణిస్తే సుమారు 100. డేటా షీట్ కూడా అదే చెబుతుంది. దీనిని బట్టి, చీటీలోని 133 పి.ఆర్. అంకె. పెట్టె మీద వెలిగిన 100 నిజమైన వేగం. ‘పెంటియం’ స్టిక్కర్ మాత్రమే తప్పు. కాబట్టి భిన్నంగా కనిపించే రెండు ఆధారాలలో ఒకటి తప్పక అబద్ధమే అని తొందరపడకూడదు. అవి రెండు వేరువేరు విషయాలను చెబుతూ ఉండవచ్చు.

బోర్డుకు టంకం వేసిన చిప్పులలో కొత్తదాని తేదీ సంకేతం 9705. అంటే 1997 మొదటి వారాలు. కాబట్టి ఈ బోర్డు 1995లో కొన్నది కాదు. పెద్ద కొడుకు జ్ఞాపకం పొరపాటు కావచ్చు, లేదా అప్పటి యంత్రంలో బోర్డు తరవాత మార్చి ఉండవచ్చు. కుటుంబానికి ఇది ముఖ్యమైన సంగతి. 1995, 1996 సంవత్సరాల లెక్కలు ఈ డిస్కులో తప్పక ఉంటాయని ఆశపెట్టుకోకూడదు. ఆ కాలపు కాగితపు ఖాతా పుస్తకాలు, ఫ్లాపీలు కూడా వెతకాలి.

ఇక డిస్కు. బయాస్ తెరలో 504 మెగాబైట్లు అని కనిపించింది. డిస్కు లేబుల్ మీద 2484 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు అని ఉంది.

2484 × 16 × 63 × 512 = 128,19,82,464 బైట్లు

అంటే సుమారు 1.28 గిగాబైట్లు. మిగిలినదంతా ఎక్కడికి పోయింది? ‘నార్మల్’ పద్ధతిలో ఉన్న బయాస్ 1024 సిలిండర్లకు మించి చూడలేదు. 1024 × 16 × 63 × 512 లెక్కగడితే 52,84,82,304 బైట్లు, అంటే సరిగ్గా 504 మెగాబైట్లు. బోర్డు మీది బ్యాటరీ అయిపోవడంతో బయాస్ పాత అమరికను మరిచిపోయి నార్మల్ పద్ధతికి వచ్చింది. ఈ స్థితిలో ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదని తెర మీద సందేశం వస్తుంది. తెలియనివారు ‘డిస్కు పోయింది, ఫార్మాట్ చేయండి’ అంటారు. ఫార్మాట్ చేస్తే లెక్కలు నిజంగానే పోతాయి. లేబుల్ చదివి, గుణించి చూసినవారు మాత్రం దానిని ఎల్.బి.ఎ. పద్ధతికి మార్చి చూడాలని గ్రహిస్తారు.

8. కరెంటు ఇచ్చే ముందు

వివరాలు తెలుసుకోవాలనే ఆత్రంలో ముందే స్విచ్ వేయకూడదు. ఈ వరసను పాటించండి.

• పవర్ సప్లై వెనక ఎర్ర స్విచ్ ఉంటే అది 230 మీద ఉందో లేదో చూడండి. 115 మీద ఉన్నప్పుడు మన కరెంటు ఇస్తే అది కాలిపోతుంది.
• పీపా ఆకారంలో ఉన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి, చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంటే కరెంటు ఇవ్వకండి.
• పాత ఏటీ తరహా బోర్డులకు పవర్ సప్లై నుంచి రెండు కనెక్టర్లు వస్తాయి. వాటిని తీసి మళ్లీ పెట్టేటప్పుడు రెండింటి నల్ల తీగలు మధ్యలో పక్కపక్కన ఉండాలి. తారుమారైతే బోర్డు పోతుంది.
• పవర్ సప్లై పెట్టెను విప్పకండి. ప్లగ్ తీసిన తరవాత కూడా లోపల కరెంటు నిలిచి ఉండవచ్చు.
• విలువైన సమాచారం ఉందనుకొంటే, డిస్కును విడిగా తీసి, తగిన అడాప్టర్‌తో మంచి కంప్యూటర్‌కు కలిపి, ముందు సెక్టారు సెక్టారుగా పూర్తి ప్రతి తీయించండి. ఆ తరవాతే మిగిలిన ప్రయోగాలు.

9. వివరాలను నమోదు చేయడం

ప్రతి వివరానికి నాలుగు గడులు పెట్టుకోండి: అంశం, విలువ, స్థాయి, ఆధారం. పై ఉదాహరణకు నమోదు ఇలా ఉంటుంది.

ప్రాసెసర్ – ఎ.ఎం.డి. కె5 పి.ఆర్.133, 100 మెగాహెర్ట్జ్ – ప్రస్తుత వివరం – చిప్పు ముద్ర, జంపర్లు, డేటా షీట్.
డిస్కు – 128,19,82,464 బైట్లు – ప్రస్తుత వివరం – లేబుల్, గణన.
బోర్డు తయారీ – 1997కు ముందు కాదు – రూపకల్పన వివరం కాదు, కాల నిర్ణయం మాత్రమే – తేదీ సంకేతం.
కొన్న సంవత్సరం – 1995 – అమ్మకపు వివరం – కుటుంబ జ్ఞాపకం. నిర్ధారించలేదు, బోర్డు తేదీతో సరిపోలేదు.

నాలుగో పంక్తిని గమనించండి. సరిపోలని వివరాన్ని కొట్టివేయలేదు, నిజమని రాయలేదు. ఎవరు చెప్పారో, ఎక్కడ సరిపోలేదో రాశాం. రేపు పాత బిల్లు దొరికితే మరొకరు ఆ పంక్తిని పూర్తిచేస్తారు. ‘నిర్ధారించలేదు’ అని రాయడం మీ పనిలో లోపం కాదు. ఊహించిన అంకె రాయడమే లోపం.

10. సారాంశం

పాత కంప్యూటర్ సాంకేతిక వివరాలకు రూపకల్పన, అమ్మకం, ప్రస్తుత స్థితి అనే మూడు స్థాయిలు ఉన్నాయి. యంత్రం పేరు, పెట్టె మీది స్టిక్కర్ ఈ మూడింటిలో దేనినీ పూర్తిగా నిర్ధారించవు. విడిభాగాలతో అమర్చిన యంత్రం విషయంలో ఒక్కొక్క భాగాన్ని గుర్తించి, దాని ముద్రను తయారీదారు పత్రంతో పోల్చాలి. అంకె కనిపించగానే అది ఏ కొలమానంలో ఉందో, దేనిని సూచిస్తున్నదో అడగాలి. కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు ఏకీభవించినప్పుడే నిర్ధారణగా భావించాలి. మీ ఊరిలో ఒక పాత పెట్టె తూకానికి వెళ్లేలోపు దాని లేబుళ్లను ఫోటో తీసి పై పద్ధతిలో నమోదు చేయగలిగితే ఈ భాగం ప్రయోజనం నెరవేరినట్లే.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాత కంప్యూటర్ల సాంకేతిక వివరాలకు లభించే ఆధారాలను వాటి విలువను బట్టి వివరించండి.
2. యంత్రం పేరును మాత్రమే ఆధారం చేసుకొని వివరాలు నిర్ణయించడంలోని ఇబ్బందులను సోదాహరణంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పి.ఆర్. అంకెకు, నిజమైన వేగానికి తేడా ఏమిటి?
2. 1.28 గిగాబైట్ల డిస్కు 504 మెగాబైట్లుగా ఎందుకు కనిపించవచ్చు?
3. రెండు ఆధారాలు స్వతంత్రమైనవని ఎలా గుర్తిస్తారు?

III. క్షేత్ర కృత్యం
మీ మండలంలో పదిహేనేళ్లు దాటిన ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను, యజమాని అనుమతితో, కరెంటు ఇవ్వకుండా పరిశీలించి, కనీసం ఆరు అంశాలను నాలుగు గడుల పట్టికలో నమోదు చేయండి.